7.62 అన్నంత మాత్రాన సరిపోదు: సెమీ ఆటోమేటిక్ రైఫిల్, తూటా ఒత్తిడి, చాంబర్ సంగతులు

(మెకానికల్ విద్యార్థులు, ఎన్‌సీసీ కేడెట్ల ముందు ఒక విశ్రాంత సైనిక ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నించున్నవాళ్ళు వచ్చి కూర్చోండి. తుపాకులేమీ తేలేదు, తెర మీద బొమ్మలే. భయం లేదు.

సరే, ఒక ప్రశ్న. 7.62 తూటా అంటే ఏది? కేడెట్లు చెప్పండి. ఎస్సెల్లార్, అంటే మన పాత సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, దాని తూటా అంటున్నారు. ఆ అబ్బాయి ఏకే అంటున్నాడు. ఇద్దరూ కరెక్టే. అదే అసలు గొడవ.

తెర మీద నాలుగు తూటాలున్నాయి చూడండి. నాలుగూ 7.62 మిల్లీమీటర్ల కుటుంబమే. మొదటిది అమెరికా వాళ్ళ .30 కార్బైన్ (.30 అంటే అంగుళాల్లో లావు), ఇత్తడి కేసు పొడవు 33 మిల్లీమీటర్లు. రెండోది ఏకే తూటా, 39. మూడోది మన ఎస్సెల్లార్ తూటా, 51. నాలుగోది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన .30-06, థర్టీ ఆట్ సిక్స్ అంటారు, 63. బుల్లెట్ లావు ఇంచుమించు ఒకటే. ఇప్పుడు లోపలి ఒత్తిడి చూడండి. అమెరికాలో తూటాలకు ప్రమాణాలు పెట్టే సంస్థ ఉంది, సామీ అంటారు. వాళ్ళ లెక్క ప్రకారం గరిష్ఠ ఒత్తిడి కార్బైన్‌కి చదరపు అంగుళానికి 40,000 పౌండ్లు. ఏకే తూటాకి 45,000. థర్టీ ఆట్ సిక్స్‌కి 60,000. ఎస్సెల్లార్ తూటాకి తోడబుట్టినట్టుండే .308 విన్‌చెస్టర్‌కి 62,000. పొడవులో రెండోది, ఒత్తిడిలో మొదటిది. అంటే పొడవు చూసి కూడా ఏమీ తేల్చలేం.

62,000 అంటే ఎంత? మీ ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు అంగుళానికి 15 పౌండ్లు ఎక్కువ, అంతే. ఆ పదిహేనుకే మనం మూత జోలికి పోం కదా. ఇక్కడ అరవై రెండు వేలు. అదీ మీ చెంపకి జానెడు దూరంలో.

ఇంత ఒత్తిడిని ఆపేదేమిటి? వెనకాల తలుపులా మూసే బోల్ట్, చుట్టూ చాంబర్ గోడ, చాంబర్ అంటే తూటా కూర్చునే గది, మధ్యలో పల్చటి ఇత్తడి. ఇత్తడి ఉబ్బి చాంబర్ గోడకి అతుక్కుపోతుంది, గ్యాస్ వెనక్కి రాకుండా మూసేస్తుంది. ఒత్తిడి పడిపోగానే కొంచెం ముడుచుకుని గోడని వదులుతుంది. ఉబ్బడం, వదలడం. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, వదలడం. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కథంతా అందులోనే ఉంది.

ఎందుకంటారా? పాత .303 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఉంది, బోల్ట్ యాక్షన్ అంటారు. పేల్చాక జవాను తన చేత్తో బోల్ట్ తీస్తాడు. ఎంత తొందరపడ్డా అరసెకను పడుతుంది. అప్పటికి లోపల ఒత్తిడి అనేదే ఉండదు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని తుపాకీయే చేసుకోవాలి. బుల్లెట్ బ్యారెల్‌లో, అంటే తుపాకీ గొట్టంలో, ఉండేది సెకనులో వెయ్యో వంతు, కాస్త అటూ ఇటూ. ఆ కొంచెంలోనే తుపాకీ కొంత గ్యాస్ దొంగిలించాలి. తర్వాత ఆ బలంతో తన తలుపు తనే తీసి, ఖాళీ కేసు విసిరేసి, కొత్త రౌండు ఎక్కించి, మళ్ళీ తలుపు వేసుకోవాలి. తొందరగా తీస్తే? ఇత్తడి ఇంకా గోడని పట్టుకునే ఉంటుంది. కేసు అంచు తెగుతుంది, లేదా కేసు రెండు ముక్కలవుతుంది. ఆలస్యంగా, నీరసంగా తీస్తే? కేసు సగం బయటపడి ఇరుక్కుంటుంది.

కాబట్టి బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఎంత ఒత్తిడి తట్టుకుంటావు అని. సెమీ ఆటోమేటిక్‌ని రెండు అడగాలి. ఎంత తట్టుకుంటావు, ఎప్పుడు ఎంత కావాలి నీకు? ఈ రెండో ప్రశ్న తూటా డబ్బా మీద రాసి ఉండదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ రెండో ప్రశ్న గురించే.

గరాండ్ తిన్న తూటాలు

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం ఉండేది. అక్కడ పనిచేసిన జాన్ గరాండ్ కెనడాలో పుట్టినవాడు. 1920ల మొదట్లో ఆయన ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ చేశాడు. గ్యాస్ దొంగిలించడం లేదు, పిస్టన్ లేదు. తూటా అడుగున మందు అంటించే ప్రైమర్ ఉంటుంది చూశారా, పేలినప్పుడు అది కొద్దిగా వెనక్కి జరుగుతుంది. ఆ కాస్త జరుగుడుతోనే బోల్ట్ తాళం తెరిపించాడు. తెలివి చూడండి! బానే పనిచేసింది కూడా. తర్వాత సైన్యం తూటా మార్చింది. లోపల కాలే మందు మార్చారు, ప్రైమర్ కదలకుండా చుట్టూ నొక్కి బిగించారు. అంతే, ఇన్నేళ్ళ పని మూలన పడింది. రైఫిల్‌లో తప్పేమీ లేదు. తిండి మారింది.

గరాండ్ మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి గ్యాస్‌తో. అదే సమయంలో జాన్ పెడర్సన్ అని ఇంకొకాయన పోటీలోకి వచ్చాడు, తన సొంత తూటాతో. .276 పెడర్సన్. థర్టీ ఆట్ సిక్స్ కంటే చిన్నది. 1928లో మత్తుమందిచ్చిన పందుల మీద పరీక్షలు చేశారు, అవును, పందుల మీదే. చిన్న తూటా పనికిరానిదేమీ కాదని తేలింది. గరాండ్ కూడా తన రైఫిల్‌ని ఆ తూటాకే చేసిచ్చాడు, పది రౌండ్ల క్లిప్పుతో.

పెడర్సన్ రైఫిల్ సంగతి ఒక్క ముక్క చెప్పి ముందుకెళతాను. దానికి గ్యాస్ పోర్ట్, అంటే బ్యారెల్ నుంచి గ్యాస్ తీసే రంధ్రం, లేదు. బోల్ట్‌కి గట్టి తాళమూ లేదు. మోకాలు కీలులాంటి కీలు ఒకటి బోల్ట్‌ని ఆలస్యం చేస్తుంది, ఆపదు. అంటే ఒత్తిడి బాగా ఉండగానే కేసు కదలడం మొదలవుతుంది. ఇందాక చెప్పాను, ఇత్తడి గోడని పట్టుకుని ఉంటుందని. మరేం చేశాడు? తూటాలకి మైనం పూశాడు. సైన్యానికి ఆ మైనం నచ్చలేదు. ఇదే చిక్కు తర్వాత జర్మన్ జీ3 రైఫిల్‌కీ వచ్చింది. వాళ్ళు మైనం జోలికి పోకుండా చాంబర్ గోడలో పొడుగ్గా గాళ్ళు కోశారు. గ్యాస్ ఆ గాళ్ళలోంచి కేసు చుట్టూ చేరి దాన్ని గోడకి అతుక్కోనివ్వదు. జీ3 పేల్చిన కేసు మీద నల్లటి చారలుంటాయి, అవి ఆ గాళ్ళవే. ఒకే రోగం, రెండు మందులు.

సరే, గరాండ్ దగ్గరికి వద్దాం. అంతా .276 వైపు మొగ్గుతున్న సమయంలో, 1932లో, సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ వద్దన్నాడు. గోదాముల నిండా థర్టీ ఆట్ సిక్స్ తూటాలున్నాయి, మెషిన్ గన్లన్నీ దాంతోనే నడుస్తున్నాయి, ఇప్పుడు కొత్త తూటా ఏమిటన్నాడు. మన పిల్లలు ఇంజినీరింగ్‌లో నేర్చుకోని పాఠం ఇది. చాంబర్ కొలత చాలాసార్లు డ్రాయింగ్ బోర్డు మీద నిర్ణయం కాదు, గోదాములో అవుతుంది. గరాండ్ అదృష్టమో ముందుచూపో, పెద్ద తూటాకి కూడా ఒక నమూనా పని జరుగుతోంది. క్లిప్పులో పది రౌండ్లు ఎనిమిదికి తగ్గాయి. 1936 జనవరిలో ఎమ్1 రైఫిల్‌గా తీసుకున్నారు. సుమారు 54 లక్షలు తయారయ్యాయి.

ఇప్పుడు మెకానికల్ వాళ్ళు జాగ్రత్తగా వినండి. గరాండ్‌లో గ్యాస్ తీసేది ఎక్కడ? బ్యారెల్ మూతి దగ్గర. మొదట్లో మూతికి టోపీలాంటిది తొడిగి గ్యాస్ పట్టేవారు, 1940 నుంచి బ్యారెల్ కిందనే చిన్న రంధ్రం పెట్టారు. ఎక్కడైనా మూతి దగ్గరే. అక్కడి నుంచి వెనక బోల్ట్ దాకా ఒక పొడుగాటి కడ్డీ, ఆపరేటింగ్ రాడ్. అది తిన్నగా ఉండదు, వంకరలు తిరిగి వస్తుంది. ఆ వంకరలు ఇంత ఉండాలని కొలతలున్నాయి, అవి మారితే రైఫిల్ సరిగా నడవదు.

మూతి దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడి బాగా పడిపోయి ఉంటుంది. ఎంత పడిపోతుంది అనేది మందు ఎంత నెమ్మదిగా కాలుతుందో, బుల్లెట్ ఎంత బరువో దాన్ని బట్టి ఉంటుంది. సైన్యం తూటా, ఎమ్2 బాల్ అంటారు, 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత) బుల్లెట్, మధ్యరకం మందు. ఆ కడ్డీ ఆ ఒత్తిడికి సరిపోయింది. ఇప్పుడు వేటగాడొకడు బజారుకి వెళ్ళి అదే థర్టీ ఆట్ సిక్స్ పేరున్న డబ్బా కొన్నాడనుకోండి. 180 గ్రెయిన్ల బుల్లెట్, నెమ్మదిగా కాలే మందు. గరిష్ఠ ఒత్తిడి? సామీ హద్దులోనే, 60,000 లోపే. చాంబర్‌కి ఏమీ కాదు. బోల్ట్‌కి ఏమీ కాదు. కానీ ఆ నెమ్మది మందు మూతి దగ్గర కూడా ఇంకా తోస్తూనే ఉంది. కడ్డీ మీద దెబ్బ పెరిగింది. కొన్నాళ్ళకి కడ్డీ వంగుతుంది.

డబ్బా మీద పేరు సరైనదే. చాంబర్ మీద ముద్ర సరైనదే. ఒత్తిడి హద్దులోనే ఉంది. మరి రైఫిల్ ఎందుకు చెడింది? శిఖరం ఎత్తు ఒకటే, కొండ వాలు వేరు. అందుకే అమెరికాలో గరాండ్ ఉన్నవాళ్ళు దానికోసమే తయారుచేసిన తూటాలు కొంటారు, లేదా మిగులు గ్యాస్‌ని బయటికి వదిలే చిల్లున్న ప్లగ్ బిగించుకుంటారు.

ఈ గరాండ్‌కే ఇంకో తూటా తినిపించారు. 1950ల్లో 7.62 నేటో, అంటే మన ఎస్సెల్లార్ తూటా, వచ్చాక అమెరికా నౌకాదళం దగ్గర గరాండ్లు బోలెడు మిగిలాయి. కొత్త బ్యారెల్ ఎందుకు, పొడుగు చాంబర్‌లో చిన్న తొడుగు దూర్చేస్తే 63 కాస్తా 51 అయిపోతుంది కదా అనుకున్నారు. అయింది. కాకపోతే కొన్నిటిలో పేల్చేటప్పుడు ఆ తొడుగు ఊడి ఖాళీ కేసుతో పాటు బయటికి వచ్చేది. అది గమనించకపోతే తర్వాతి రౌండు పాత పొడుగు చాంబర్‌లో పేలుతుంది. కేసు భుజం ముందు ఆనుకోవడానికి గోడ లేదు, ఇత్తడి చీలుతుంది. చివరికి తొడుగుల గొడవ మానేసి కొత్త బ్యారెళ్ళు వేశారు. ఇటలీలో బెరెట్టా వాళ్ళు మొదటి నుంచీ ఆ పద్ధతే పట్టారు, గరాండ్‌నే 20 రౌండ్ల మ్యాగజీన్‌తో బీఎమ్59 అని 7.62 నేటోకి మార్చారు.

మందు మారితే ఏమవుతుంది

వియత్నాం కథ మీలో కొందరు విని ఉంటారు. అమెరికా సైన్యం ఎమ్16 రైఫిల్ మధ్యలో ఆగిపోయేది, జవాన్లు చనిపోయారు అని. ఎమ్16 పూర్తి ఆటోమేటిక్‌గా కూడా పేలుతుంది, నిజమే. కానీ దాని సెమీ ఆటోమేటిక్ రూపం ఏఆర్-15 ది అదే గ్యాస్ ఏర్పాటు. పిస్టన్ కడ్డీ ఉండదు, సన్నటి గొట్టంలోంచి గ్యాస్ నేరుగా బోల్ట్ ఉండే అరలోకి వస్తుంది.

దాన్ని రూపొందించిన యూజీన్ స్టోనర్ ఆ రైఫిల్‌ని ఒక మందుతో కుదిర్చాడు. పుల్లల్లా ఉండే మందు, ఐఎమ్ఆర్ 4475 అనేవారు. 1964లో సైన్యం ఇంకో మందుకి అనుమతిచ్చింది, గుండ్రటి రేణువుల మందు, డబ్ల్యూసీ 846. ఎందుకు? అడిగిన వేగం వచ్చేలా, గరిష్ఠ ఒత్తిడి హద్దు దాటకుండా పాత మందుతో పెద్ద ఎత్తున తూటాలు చేయడం కష్టమైంది. కొత్తది ఆ హద్దులో ఉంది. కాగితం మీద చూస్తే కొత్తదే మేలు.

కానీ పోర్ట్ దగ్గర? అక్కడ ఒత్తిడి పెరిగింది. బోల్ట్ ముందుకంటే గట్టిగా, ముందుకంటే తొందరగా వెనక్కి కొట్టింది. నిమిషానికి 850 రౌండ్ల హద్దు పెట్టుకుంటే తుపాకులు దాన్ని దాటేశాయి. తొందరగా తీస్తే ఏమవుతుందని చెప్పుకున్నాం? ఇత్తడి ఇంకా వదల్లేదు. పైగా ఆ కొత్త మందులో కాల్షియం కార్బొనేట్ ఉండేది, అది గ్యాస్ గొట్టంలో పేరుకునేది. చాంబర్‌కి క్రోమ్ పూత లేదు, ఆ తేమలో తుప్పు పట్టి గరుకెక్కేది. శుభ్రం చేసుకునే సామాను కూడా చాలామందికి ఇవ్వలేదు, ఈ తుపాకీకి అవసరం లేదని ప్రచారం జరిగింది. అన్నీ కలిసి కేసు చాంబర్‌లో ఇరుక్కుపోయేది, బోల్ట్ పంటికి అంచు తెగి వచ్చేది. మూతిలోంచి కడ్డీ దూర్చి పొడుచుకోవాలి. శత్రువు ఎదురుగా ఉండగా!

1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం, ఐకార్డ్ అనే సభ్యుడి అధ్యక్షతన, విచారణ చేసింది. మందు మార్పుని గట్టిగా తప్పుపట్టింది. కర్మాగారంలో రైఫిళ్ళ అంగీకార పరీక్షలు పాత మందు తూటాలతో చేస్తూ, అడవిలో జవాన్లకి కొత్త మందు తూటాలు పంపారని కూడా తేల్చింది. ఇది ఇంజినీరింగ్ లోపమా, గుమాస్తా లోపమా? నన్నడిగితే రెండోదే. తర్వాత బోల్ట్ వెనక్కి కొట్టే దెబ్బని కాచుకునే బఫర్ బరువు పెంచారు, చాంబర్‌కి క్రోమ్ వేశారు, మందు సరిచేశారు. అదే రైఫిల్ ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకో మాట. ఎమ్16 బ్యారెల్ 20 అంగుళాలు, గ్యాస్ పోర్ట్ చాంబర్ నుంచి సుమారు 13 అంగుళాల దూరం. పొట్టి కార్బైన్‌లో అది ఏడున్నర అంగుళాల దగ్గరికి వస్తుంది. తూటా అదే, మందు అదే. పోర్ట్ చాంబర్‌కి దగ్గరవడంతో అక్కడ ఒత్తిడి ఎక్కువ, బోల్ట్‌కి దెబ్బ ఎక్కువ, బోల్ట్‌ని తాళం వేసే పళ్ళు, అంటే లగ్గులు, తొందరగా అరుగుతాయి.

మేనల్లుడి ఫోన్

డల్లాస్‌లో మా మేనల్లుడుంటాడు. అక్కడ మన తెలుగువాళ్ళు వారాంతాల్లో ఫైరింగ్ రేంజికి వెళుతుంటారు, కొందరు కొనుక్కుంటారు కూడా. అక్కడి చట్టం అది. వాడు ఫోన్ చేసి, "మామయ్యా, తూటా డబ్బా మీద 5.56 అని ఉంది, బ్యారెల్ మీద .223 అని ఉంది, రెండూ ఒకటే అంటున్నారు, నిజమేనా?" అన్నాడు. ఒరే, కాల్చకుండా ముందు అడిగావు, సంతోషం అన్నాను.

కేసు బయటి కొలతలు ఒకటే. తేడా చాంబర్ ముందు భాగంలో ఉంది. బుల్లెట్ కేసు వదిలాక బ్యారెల్ లోపల మెలిక తిరిగిన గాళ్ళని అందుకునే ముందు కొంచెం ఖాళీ దారి ఉంటుంది. 5.56 చాంబర్‌లో ఆ దారి పొడుగు, .223 లో పొట్టి. 5.56 సైనిక తూటాని పొట్టి దారిలో పేలిస్తే బుల్లెట్ గాళ్ళకి ముందే తగులుకుంటుంది, ఒత్తిడి ఎగబాకుతుంది. కాబట్టి 5.56 చాంబర్‌లో .223 తూటా ఫర్వాలేదు, .223 చాంబర్‌లో 5.56 తూటా వద్దు. సామీ కూడా దాన్ని ప్రమాదకరమైన జోడీల్లోనే పెట్టింది. రెంటికీ మధ్యస్థంగా .223 వైల్డ్ అని ఒక చాంబర్ ఉంది, దాంట్లో రెండూ నడుస్తాయి. ముద్ర డబ్బా మీదిది కాదు, బ్యారెల్ మీదిది చదవాలి.

వాడు ఊరుకోడు కదా. ఇంటర్నెట్‌లో .223 కి 55,000 అని, 5.56 కి 62,000 అని ఉంది, ఏడు వేలు తేడానా అన్నాడు. చూడండి, ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. సామీ ఒత్తిడి కొలిచే సెన్సర్ కేసు ఒంటి మీద పెడుతుంది. నేటో పద్ధతిలో కేసు మూతి దగ్గర పెడతారు. వేరే చోట కొలిచిన అంకెల్ని పక్కపక్కన పెట్టి తీసేస్తే ఏమొస్తుంది? ఏమీ రాదు.

.308 కథ ఇంకా తమాషా. పాత రోజుల్లో ఒత్తిడి ఎలా కొలిచేవారంటే, బ్యారెల్‌కి రంధ్రం పెట్టి, పిస్టన్ పెట్టి, దానిమీద రాగి బిళ్ళ పెట్టేవారు. పేలిస్తే రాగి నలుగుతుంది, ఎంత నలిగిందో చూసి లెక్క. రాగి నలగడానికి కాస్త సమయం కావాలి, శిఖరం అంతసేపు ఆగదు. కాబట్టి రాగి అంకె తక్కువ చెబుతుంది. .308 కి రాగి అంకె 52,000, ఎలక్ట్రానిక్ సెన్సర్ అంకె 62,000. ఒకే తూటా! సైనిక పుస్తకాల్లో 7.62 నేటోకి 50,000 అని ఉండేది, అది రాగి అంకె, కానీ పక్కన పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి పౌండ్లు, అని అచ్చువేశారు. అది చూసి .308 పన్నెండు వేలు ఎక్కువ, సైనిక రైఫిల్‌లో పెడితే పేలిపోతుందని ఒక పుకారు లేచింది, ఇప్పటికీ తిరుగుతోంది. అసలు తేడా చాంబర్ పొడవులో ఉంది. సైనిక చాంబర్ బురద, మట్టి తట్టుకోవాలని కొంచెం వదులుగా ఉంటుంది, దానికి తగ్గట్టు సైనిక ఇత్తడి మందంగా ఉంటుంది. పల్చటి బజారు ఇత్తడి ఆ వదులు చాంబర్‌లో సాగుతుంది. చూసుకోవాల్సింది అది.

మరి ఒకే రైఫిల్‌లో ఎన్ని రకాల చాంబర్లు పెట్టొచ్చు? పెద్ద ప్రశ్న. ఒక్క లెక్క చేద్దాం, ఫోన్లు తీయండి. 5.56 కేసు అడుగు వ్యాసం 0.378 అంగుళాలు. వైశాల్యం? 0.112 చదరపు అంగుళాలు. దాన్ని 55,000 తో గుణించండి. ఆరు వేల పౌండ్ల పైన, అంటే 2,800 కిలోలు. పైపై లెక్కే, ఇత్తడి పట్టు కొంత తగ్గిస్తుంది. బోల్ట్ మీద పడే తోపుడు అది. .308 కేసు అడుగు వ్యాసం 0.473. చేయండి. దాదాపు పదకొండు వేల పౌండ్లు, ఐదు టన్నులు. అందుకే .308 కి పెద్ద రైఫిల్ కావాలి. ఒకసారి ఆ పెద్ద రైఫిల్ ఉందంటే, అదే అడుగున్న .243 గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ బ్యారెల్ మార్చి పెట్టుకోవచ్చు.

చిన్న రైఫిల్‌లో లావు కేసు పెడితే? 6.5 గ్రెండెల్ అలాంటిది. ఏకే తూటా అడుగుకి దగ్గరగా ఉంటుంది, వైశాల్యం 5.56 కంటే సుమారు మూడో వంతు ఎక్కువ. పైగా ఆ లావు కేసు పట్టాలని బోల్ట్ ముఖాన్ని తొలిచారు, అక్కడ ఉక్కు తగ్గింది. తోపుడు పెరిగింది, తట్టుకునేది తగ్గింది. అందుకని ఒత్తిడి హద్దుని 52,000 కి దించారు.

.300 బ్లాకౌట్ ఇంకో దారి పట్టింది, 2011లో ప్రమాణాల్లోకి వచ్చింది. 5.56 కేసునే 35 మిల్లీమీటర్లకి కోసి, మూతి వెడల్పు చేసి లావు బుల్లెట్ పెట్టారు. అడుగు అదే, బోల్ట్ అదే, మ్యాగజీన్ అదే, బ్యారెల్ ఒక్కటే మార్పు. ధ్వని వేగం దాటని బరువు బుల్లెట్లు కూడా పేల్చాలి, వాటికి మందు తక్కువ, గ్యాస్ తక్కువ. అందుకే దానికి పోర్ట్‌ని చాలావరకు చాంబర్‌కి బాగా దగ్గరగా పెడతారు. చక్కటి ఇంజినీరింగ్. కానీ ఒక గండం ఉంది. మ్యాగజీన్ ఒకటే అన్నాను కదా? పొరపాటున బ్లాకౌట్ రౌండు 5.56 రైఫిల్‌లోకి వెళితే కొన్ని రకాల బుల్లెట్లతో బోల్ట్ మూసుకుంటుంది కూడా. 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్, 5.7 మిల్లీమీటర్ల దారి. ఎటు పోతుంది? రైఫిల్ బద్దలవుతుంది. అమెరికాలో ఇలాంటివి జరిగాయి. రెండు రకాలూ ఉన్నవాళ్ళు మ్యాగజీన్లకి రంగు టేపులు వేసుకుంటారు, ఒకేసారి రెండూ రేంజికి తీసుకెళ్ళరు. మావాడికి కూడా అదే చెప్పాను.

మన ఎస్సెల్లార్

ఇక మనింటికి వద్దాం. 1962లో చైనా యుద్ధానికి మన జవాన్లు .303 బోల్ట్ యాక్షన్‌తో వెళ్ళారు. ఆ తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో 7.62 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ తయారైంది, 1ఏ1. మీరు పోలీస్ స్టేషన్ల దగ్గర సెంట్రీ భుజాన చూసి ఉంటారు, పొడుగ్గా ఉంటుంది. అసలు సిసలు సెమీ ఆటోమేటిక్, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే రౌండు.

దాని మూలం బెల్జియం వాళ్ళ ఫాల్ రైఫిల్, ద్యుదోనె సేవ్ అనే ఆయన చేసింది. ఆయన మొదటి నమూనా ఏ తూటాకి చేశాడో తెలుసా? జర్మన్ వాళ్ళ పొట్టి 7.92×33 కి. తర్వాత బ్రిటిష్ వాళ్ళ .280 కి మార్చాడు. రెండూ మెత్తటి తూటాలు. అమెరికా పట్టుబట్టి 1954లో నేటోకి 7.62×51 ఖాయం చేసింది. చిన్న తిండికి పుట్టిన రైఫిల్ పెద్ద తిండి తినాల్సి వచ్చింది. అందుకే అంత పొడుగు, అంత బరువు.

కానీ దాంట్లో నాకు చాలా ఇష్టమైనది గ్యాస్ రెగ్యులేటర్. బ్యారెల్ మీద, ముందు సైటు వెనక, అంకెలున్న చిన్న రింగు. పోర్ట్‌లోంచి వచ్చిన గ్యాస్‌లో పిస్టన్‌కి ఎంత, బయటికి ఎంత అనేది అది తిప్పి చెప్పొచ్చు. ఎందుకు అవసరం? థార్ ఎడారిలో మే నెలలో ఎండకి కాగిన రౌండులో మందు తొందరగా కాలుతుంది. లడఖ్ చలిలో అదే మందు మందకొడి. తుపాకీ మసి పట్టితే కదలడానికి ఎక్కువ గ్యాస్ కావాలి. కొత్త బ్యాచ్ రౌండ్లు వస్తే మళ్ళీ చూసుకోవాలి. గరాండ్‌కి లేనిది, ఎమ్16 కి లేనిది అదే. మావాళ్ళు కొందరు రెగ్యులేటర్‌లో గ్యాస్ బయటికి పోయే దారిని పూర్తిగా మూసేసి వదిలేసేవారు, తుపాకీ ఎప్పుడూ ఆగదని. ఆగదు, నిజమే. ప్రతి రౌండుకీ లోపల సుత్తి దెబ్బ పడుతుంటుంది, భుజానికీ పడుతుంది. ఖాళీ కేసు ఎంత దూరం పడుతోందో చూస్తే గ్యాస్ ఎక్కువా తక్కువా అని చెప్పేయొచ్చు. మంచి ఆర్మరర్ ముందు నేల చూస్తాడు.

మన దేశంలో ఇలాంటి రైఫిల్ మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరకడం దాదాపు లేనట్టే, ఎవరూ ఆశపడకండి. తెల్లదొరల కాలంలో అయితే సైన్యం వాడే .303 తూటానే జనం చేతుల్లో ఉండకూడదన్నారు. తిరగబడితే సైన్యం తూటాలు వీళ్ళకి పనికొస్తాయని భయం. అందుకే ఇప్పటికీ ఇషాపూర్ స్పోర్టింగ్ రైఫిల్ .315 చాంబర్‌లో వస్తుంది. ఆస్ట్రియా మాన్లికర్ తూటాకి చుట్టం అది. ఒత్తిడి కోసం కాదు, వేట కోసం కాదు, తిరుగుబాటు భయంతో ఎంచుకున్న చాంబర్.

చివరగా, 2022లో అమెరికా సైన్యం కొత్త రైఫిల్‌కి ఎంపిక చేసిన 6.8×51. దాని బజారు పేరు .277 ఫ్యూరీ, హద్దు 80,000. పొట్టి బ్యారెల్‌లోంచి పొడుగు బ్యారెల్ వేగం కావాలన్నారు, అందుకని అంత పెంచారు. మామూలు ఇత్తడి అడుగు ఆ ఒత్తిడికి ఆగదు. అడుగు భాగం స్టెయిన్‌లెస్ స్టీలు, పైన ఒళ్ళు ఇత్తడి, రెంటినీ కలిపి బిగించారు. ఇన్నాళ్ళూ చాలావరకు హద్దు పెట్టింది తుపాకీ ఉక్కు కాదు, ఆ కాస్త ఇత్తడే. బ్యారెళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయో వాడకంలో చూడాలి, నాకైతే అనుమానమే.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. మన సైన్యంలో ఇప్పుడు మూడు రకాల తూటాలు ఎందుకు అంటోంది. మంచి ప్రశ్న. మన ఇన్సాస్ రైఫిల్‌ది 5.56. 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్ళకి ఒప్పందం జరిగింది, అవి 7.62×51, దూరం కొట్టాల్సిన సరిహద్దు కోసం. అమేఠీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే-203 ది 7.62×39, ఆరు లక్షలకు పైగా రైఫిళ్ళకి 2021లో సంతకాలయ్యాయి. తూటా పేరులో రెండిటికీ 7.62 ఉంది, ఒకదాని రౌండు ఇంకోదాంట్లో పనికిరాదు. సరఫరా చేసేవాడికి తలనొప్పి అవునా అంటే అవును. మందుగుండు డిపోలో పనిచేసిన వాళ్ళెవరైనా ఇక్కడుంటే వాళ్ళని అడుగు, నాకంటే గట్టిగా చెబుతారు. ఇంకెవరైనా?